కాటాకు చేరని జవాబు

ఇవాళ పిడుగురాళ్లలో నెట్‌వర్క్ బాగుచేయడానికి వెళ్లి, ఒక సున్నం బట్టీ ఆఫీసుకూ లారీలు తూచే కాటా గదికీ మధ్య ఎండలో నాలుగు గంటలు తిరిగాను. కాటా కంప్యూటర్‌కు నెట్‌వర్క్‌లో ఉండాల్సిన ఐపీ అడ్రస్ రాక, తూకం స్లిప్పులు ఆగి, లారీలు రోడ్డు దాకా నిలిచాయి. డ్రైవర్ల తిట్లన్నీ నాకే.

అడ్రస్‌లిచ్చే సర్వర్ ఆఫీసులో ఉంది. అక్కడి కంప్యూటర్లకు ఇస్తూనే ఉంది. కాటా రిక్వెస్టు కూడా రౌటర్ మీదుగా దానికి చేరుతోంది. జవాబే తిరిగి రావడం లేదు. కేబుళ్లు మార్చాను, రౌటర్ మార్చాను. చివరికి సర్వర్ సెట్టింగులు తెరిస్తే, బయటికి దారి చూపే గేట్‌వే నంబరు ఉండాల్సిన గడి ఖాళీ. అది లేకుండా జవాబు ఆఫీసు దాటి పోలేదు.

"నేనేం ముట్టుకోలేదు" అని పొద్దున చెప్పిన మేనేజర్ శేషయ్య బాబాయిని మళ్లీ అడిగాను.

"ఆ నంబరా, నేనే తీసేశా. గుమాస్తాలు ఆ సర్వర్లో క్రికెట్ చూస్తన్నారు. నెట్ ఆపితే కాటా ఆగిద్దా ఏంది?"

"మరి పొద్దున చెప్పలేదే బాబాయ్?"

"నువ్వు వైర్ల గురించి అడుగుతున్నావనుకున్నా."

నంబరు వేయగానే లారీలు కదిలాయి. బ్యాగు సర్దుకుంటుంటే బాబాయి అన్నాడు: "ఈ లారీలు పోయినాక ఆ నంబరు మళ్లీ తీసేస్తాలే."

సర్వర్ పాస్‌వర్డ్ మార్చి వచ్చాను. ఆయనకు చెప్పలేదు. తప్పంటారా?