నాన్న కార్డులో పేర్ల వరుస

వాషింగ్ మెషీన్ కొంటే లోపల తెలుగులో ఒక చిన్న పుస్తకం వస్తుంది చూడండి, ఎవరూ చదవరు, అలాంటివి దిద్దేది నేనే. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో పదకొండేళ్లుగా అదే నా ఉద్యోగం. "నీళ్లు నింపండి, మూత వేయండి, బటన్ నొక్కడం" అని ఎవరైనా రాసుకొస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు పనులు చేయమని చెప్పి మూడోదాన్ని గాలికి వదిలేస్తే ఎలా? ఒక వరుసలో పెట్టినవన్నీ ఒకే తీరుగా ఉండాలి, మధ్యలో కామాలు సరిగ్గా పడాలి. "అన్నా, వదినా" అని దీర్ఘం ఇచ్చినవాళ్లు పక్కనున్న చెల్లెలికీ ఇచ్చి తీరాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. వెనకాల వాళ్లు నాకేం పేరు పెట్టుకున్నారో కూడా నాకు తెలుసు.

అందుకే మా నాన్న పోయినప్పుడు కర్మలు ముగిశాక భోజనాలు పెట్టే వైకుంఠ సమారాధనకు పిలిచే కార్డు చూసే పని నాకు అప్పజెప్పారు. "నువ్వయితే తప్పుల్లేకుండా చూస్తావు మా" అన్నాడు అన్న. నిజానికి నాకు అది గర్వంగానే అనిపించింది. నాన్నకు పక్షవాతం వచ్చాక చిక్కపేటలో మా బట్టల అంగడి పైనున్న పాత ఇంటి మెట్లు ఎక్కలేకపోయాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నా ఫ్లాటుకు లిఫ్టు ఉంది కాబట్టి అమ్మా నాన్నా నా దగ్గరికి వచ్చేశారు. ఆరేళ్లు. గడ్డం గీసింది నేను, అన్నం మెత్తగా పిసికి పెట్టింది నేను, రోజూ చేయి పట్టుకుని వరండాలో నడిపించింది నేను. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి. ఆయన కూతురినని ఆ కార్డు మీద నా పేరు పడాలి, అంతకు మించి ఆ ఇంటి నుంచి నేనేమీ అడగలేదు.

మధ్యాహ్నం అన్నా నేనూ ప్రింటింగ్ అంగడికి వెళ్లి, టైపు చేసే ఆయన పక్కన కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మావాళ్ల కార్డులకు ఒక పద్ధతి ఉంది. ఒకవైపు కన్నడం, ఒకవైపు తెలుగు. కింద "శోకతప్తులు" అని వేసి పేర్లన్నీ జంటలుగా దింపుతారు. కొడుకు, మధ్యలో అడ్డగీత, కోడలు. దాని కింద కూతురు, గీత, అల్లుడు. ముందు అన్నా వదినల పేర్లు పడ్డాయి. తరువాత నా పేరు పడింది, పక్కన గీత పడింది, గీత తరువాత ఏమీ లేదు. దాని కింద చెల్లెలూ మరిదీ నిండుగా కూర్చున్నారు. నాకు విడాకులై తొమ్మిదేళ్లు.

"గీత తీసేస్తే సరిపోతాది మేడం" అన్నాడు టైపు చేసే ఆయన. చేయబోయాడు కూడా.

"వద్దప్పా, ఉండు" అన్నాడు అన్న. నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒంటి పేరు కనపడితే జనం అడగరా? మా పాపకు చూస్తుండే సంబంధం వాళ్లకీ ఈ కార్డే ఇస్తాము. ఇంకా మాట ఖాయం కాలేదు. పోనీ, అతని పేరే వేస్తామా? ఎవురికి తెలుసు?"

నా మీద చెయ్యి చేసుకున్న మనిషి పేరు, నాన్న కార్డు మీద, నా పక్కన.

"ఈ మాట అన్నందుకు నిన్నేమనాలన్నా?" అన్నాను.

"అట్లయితే నీ లైనే వద్దులే. కింద బంధుమిత్రులు అని ఉండాది కదా, దాంట్లో నువ్వూ వచ్చినట్టే. వరసలో అన్నీ ఒకే తీరుగా ఉండల్ల అని నువ్వే కదా ఎప్పుడూ చెప్తావు."

బయటికొచ్చి, తోపుడుబండ్ల మధ్య నిలబడి అమ్మకు ఫోను చేశాను. అమ్మయినా నా పక్షాన ఒక్క మాట అంటుందనుకున్నాను.

"పోనీలే మా" అంది అమ్మ. "కర్మలు అయినాంక నేను వాని ఇంట్లోనే కదా ఉండల్ల. ఆ పాప పెండ్లి కావల్ల. కార్డుదేముంది, చూసి పారేసేదే."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో బాగానే గెలిచాను, ఏం లాభం? అటునుంచి అటే ఇంటికి పోవలసింది. పోలేదు. అన్న మీద కన్నా నాకు అందుకే ఎక్కువ కోపం. లోపలికెళ్లి మళ్లీ కూర్చున్నాను. మనవళ్ల పేర్ల మధ్య ఒక కామా లేదు, పెట్టించాను. "సమారాదన" అని పడిందాన్ని దిద్దించాను. నా లైను పోయిన చోట పేర్లు పైకి జరిగి చక్కగా సర్దుకున్నాయి. "సరే, ప్రింటు చెయ్యండి" అన్నది కూడా నేనే. సిగ్గులేనిదాన్ని.

సమారాధన రోజు భోజనాల దగ్గర నాన్న స్నేహితుడొకాయన నన్ను ఆపాడు. చిక్కపేటలో మా పక్క అంగడి ఆయనది. నాన్నను చూడడానికి నెలకోసారి నా ఫ్లాటుకు వచ్చేవాడు, వచ్చినప్పుడల్లా నా చేతి కాఫీ తాగేవాడు. చేతిలో కార్డు పట్టుకుని, అద్దాలు పైకి జరుపుకుని, "ఇదేమి మా, నీ పేరే లేదు దీంట్లో?" అన్నాడు. నాలుగడుగుల దూరంలో పాప సంబంధం వాళ్లు కూర్చుని ఉన్నారు.

నా పక్కనున్న అమ్మ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది. "అచ్చుతప్పు అన్నా. ఒక లైను వదిలేసినారు" అంది.

"ఎవరమ్మా అది చూసిచ్చినోళ్లు? తండ్రి కార్డులో కూతురు పేరు లేకుంటే కనపడలేదా?"

అమ్మ నా మణికట్టు మీద పట్టు బిగించింది.

"నేనే పెదనాన్నా" అన్నాను. "నేనే చూసిచ్చినా."

ఆయన నా ముఖం వైపు చూసి, జాలిపడి, కార్డును మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పోనీలే మా, దుఃఖంలో కండ్లు కనపడవు" అని నన్ను ఓదార్చి విస్తరి ముందుకు వెళ్లాడు.

అమ్మ ఊపిరి పీల్చుకుని నా చేయి వదిలేసింది.