సంచుల్లో వచ్చిన తారు

రోడ్ల మీద గుంతలు పూడ్పించడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా ప్రతి వానాకాలం ఇదే పని. విజయవాడ వన్ టౌన్‌లో ఒక ఇడ్లీ కొట్టు ముందున్న గుంతనైతే ఎన్నిసార్లు పూడ్పించానో నాకే గుర్తు లేదు. వేడి తారు కంకర పోస్తే రెండు వానలకే లేచిపోయేది. ఆ కొట్టు నడిపే ఆవిడ భర్త స్కూటర్ మీద వస్తూ అందులోనే పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆమె ఇటుక ముక్కలు ఏరుకొచ్చి తనే ఆ గుంతలో వేస్తుండేది.

నిరుడు వానాకాలంలో మాకు కొత్త సరుకు వచ్చింది. తారు కలిపిన కంకరే సంచుల్లో వస్తుంది. కాచే పని లేదు, తడిలోనూ పట్టుకుంటుంది. గుంతలో నీళ్లు తోడించి, సంచులు పోయించి, దిమ్మిసతో గట్టిగా కొట్టించాను. కాసేపటికే దాని మీద ఆటోలు తిరిగాయి.

"ఇదన్నా నిలుస్తుందాండీ?" అని అడిగిందామె.

"నిలుస్తుందమ్మా" అన్నాను. ఇదే మాట ఆమెతో ఇంతకు ముందూ చాలాసార్లు అన్నాను.

ఈసారి నిజంగానే నిలిచింది. చలికాలంలో అటు వెళితే ఆమే పిలిచి చూపించింది. అతుకు చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న పాత రోడ్డే పెచ్చులుగా ఊడిపోయింది.

"మీరేసింది ఉందండీ, రోడ్డే పోయింది" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

రోడ్డంతా కొత్తగా వేయాలని పై ఆఫీసుకు మళ్లీ రాశాను. ఇంకా జవాబు రాలేదు.