తెల్లబట్ట మీద పది వేళ్లు

మా ముత్తాత రామన్న కరీంనగర్ వైపు నుంచి ఎడ్లబండి మీద మూడు రాగి కాగులు వేసుకుని షోలాపూర్ వచ్చాడు. ఆయన కొడుకు, అంటే మా తాత నర్సప్ప, ఆ కాగుల్లో ముంచి తీసిన ఎర్రచీర కట్టకుండా భవానీ పేటలో ఏ పెళ్లికూతురూ పీటల మీద కూర్చోలేదు. తాత వీధిలో నడుస్తుంటే మగ్గాలు ఆగేవని చెబుతారు. ఆగకపోయినా చప్పుడు తగ్గించుకునేవని నా నమ్మకం. ఆయన కొడుకు, మా నాన్న విఠలయ్య, మిల్లు చీరలు వచ్చి మా గిరాకీ పోయాక కూడా తలపాగా తీయలేదు, పనీ చేయలేదు. ఆ తరువాతి వాణ్ని నేను. మూడు తరాలు కాపాడుకొచ్చిన పేరును ఒక ఆదివారం సాయంత్రం ఫుట్‌బాల్ మైదానంలో నాలుగు చినుకులతో కడిగేసినవాణ్ని. ఎలా కడిగానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, పేట ఎలాగూ నవ్వేసింది.

ముందు తాతగారి పద్ధతి చెప్పాలి. చీర కొనడానికి వచ్చినవాళ్ల ఎదుటే కొంగును చెంబు నీళ్లలో ముంచి, తాను కట్టుకున్న తెల్ల ధోవతి మీదే పిండేవాడు. ధోవతి మీద ఒక్క మరక కనిపించేది కాదు. "ఈ రంగు ఎన్నడన్న తెల్లబట్ట మీద దిగితే, ఈ మూడు కాగులు అమ్మి ఇంట్ల కూసుంట" అనేవాడు. ఈ మాట పేటలో పాలవాడికి కూడా కంఠస్థం.

నా కాలానికి కాగులు పెరట్లో బోర్లా పడి ఉన్నాయి. అమ్మ తలుపేసుకుని బీడీలు చుట్టేది. తలుపు ఎందుకు వేసేదో వీధి మొత్తానికి తెలుసు. పెళ్లి వంటలు చేసే లక్ష్మయ్య నెలకోసారి వచ్చి, కాగును వేలితో కొట్టి, మోత విని, "అవ్వా, ఇస్తవా మరి?" అనేవాడు. "నువ్వు ముందు నా పెరట్లకెల్లి నడువ్" అనేది మా నాయినమ్మ.

నాకు పంతొమ్మిదేళ్లు. నా వీపు వంగేది కాదు, నా కాళ్లు ఆగేవి కావు. భోజనానికి కూర్చుంటే కింద పీట కదిలేది. చిన్నప్పుడు బడిలో బల్ల కదిలేది. ఈ కదలికను చూసి ఒక మిల్లు వాళ్లు నన్ను తమ జట్టులోకి తీసుకున్నారు, ఫార్వర్డ్‌గా. కాగితం మీద నేను బట్టలు మడిచే ఫోల్డింగ్ ఖాతాలో గుమస్తాను. నిజానికి నాకు జీతం ఇచ్చేది బంతి తన్నడానికి. "మూడు మ్యాచ్‌లు చూస్తాం. పనికొస్తే పర్మనెంట్" అన్నాడు మేనేజర్. పర్మనెంట్ అయితే కాగుల కింద మళ్లీ పొయ్యి రాజేస్తానని నాయినమ్మకు మాటిచ్చాను. ఆ రోజు నుంచి ఆమె రోజూ కాగుల మీద దుమ్ము దులపడం మొదలుపెట్టింది.

మొదటి రెండు మ్యాచ్‌లలో రెఫరీ ఈల ఊదింది నా కోసమే. బంతి ఇంకా మా వాళ్ల కాళ్ల దగ్గరే ఉండగా, నేను అవతలి జట్టు వాళ్లందరినీ దాటి వాళ్ల గోల్ ముందు, పెళ్లివారికి ఎదురొచ్చినట్టు నిలబడేవాణ్ని. దాన్ని ఆఫ్‌సైడ్ అంటారు, తప్పు కింద లెక్క.

"చిన్న సేట్, జర బంతిని గుడ తీస్కపోరాదు?" అన్నాడు మా కెప్టెన్ యెల్లప్ప.

"మీరు ఆలస్యంగా తెస్తే నేనేం చేయాలన్నా?"

"అగో! మేం తెచ్చియ్యాల్నట. మీ తాతకు చెంబందిచ్చినట్టు!"

ఇక మిగిలింది మూడో మ్యాచ్, ఆదివారం, పుణె నుంచి వచ్చే జట్టుతో. గురువారం నాడు నాకు కొత్త జెర్సీ ఇచ్చారు. కొత్తది అంటే నాకు కొత్తది. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు ఉల్లిపొట్టు. పదకొండు మందివీ అదే తీరు. నర్సప్ప మనవడు ఉల్లిపొట్టు తొడుక్కుని పేట జనం ముందు పరుగెత్తాలా? ఇంటికొచ్చి ఒక కాగును తిరగేశాను.

ఆ చప్పుడుకే నాయినమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆమెకు చూపు సగం పోయింది కానీ చెవులు పోలేదు.

"ఏందిరా అది? కాగు లేపినవా?"

"అవును నాయినమ్మా. జెర్సీకి మన రంగు ఎక్కిస్తా."

ఆమె ముఖంలో ఎన్నేళ్లకో వెలుగు. "మంచిది కొడుకా. గని ముంగట పటిక నీళ్లల్ల రెండు దినాలు నానాలె. నీడకు ఆరాలె. గప్పుడు రంగు. పటిక లేకుంటే రంగు బట్ట మీద సుట్టం లెక్క కూసుంటది, ఇంటి మనిషి కాదు. జర వాన పడ్డదా, లేసి పోతది."

"సరే" అన్నాను.

సరే అనడం సులువు. గురువారం జెర్సీని పటిక నీళ్లలో వేశాను. గంటకోసారి వెళ్లి చూశాను. జెర్సీ ఊరికే పడి ఉంది. ఏ పనీ చేయకుండా పడి ఉన్న వస్తువును చూస్తూ ఉండటం నా వల్ల కాదు. శుక్రవారం పొద్దున ఇంకోసారి చూశాను, అలాగే ఉంది. నాయినమ్మ భజనకు వెళ్లగానే తీసి పిండేసి, తడి తడిగానే కాగులో వేసి ఉడికించాను. ఏం రంగండీ అది! ఆరేస్తే పక్కింటి మేక తాడు తెంచుకుంది. తాత చూసుంటే కళ్లు తుడుచుకునేవాడు, ఆ పైన ధోవతి కూడా చూసుకునేవాడు.

ఆదివారం మైదానంలో పది ఉల్లిపొట్ల మధ్య నేనొక్కణ్ని కుంకుమ.

"గిదేంది చిన్న సేట్? అందరిది ఒక తీరు, నీది ఒక తీరా?" అన్నాడు యెల్లప్ప.

"ఇదీ అసలు ఎరుపు. మీవి దీని జ్ఞాపకాలు."

"బర, సరే గని ఒక్క గోల్ కొట్టు. పసుపుపచ్చ చీర కట్టుకొచ్చినా అడగ."

పేట మొత్తం వచ్చింది. గీత పక్కన గొంగడి పరుచుకుని ఆశన్న తాత కూర్చున్నాడు. నలభై ఏళ్లు మా దుకాణంలో చీరలు కొన్న మనిషి. మేనేజర్ ఛత్రీ కింద కుర్చీ వేసుకున్నాడు. పుణె జట్టు గోల్‌కీపర్ జోసెఫ్ తలుపు చెక్కంత వెడల్పు. వాళ్లవి తెల్ల జెర్సీలు. చాకలి ఇంటి నుంచి అప్పుడే వచ్చినంత తెలుపు.

ఆట సగం దాటింది. ఎవరికీ గోల్ లేదు. నాకు ఆఫ్‌సైడ్ మాత్రం నాలుగు సార్లు. అప్పుడు చినుకులు మొదలయ్యాయి. పెద్ద వాన కూడా కాదు. ముఖం మీద నీళ్లు చేతులతో తుడుచుకున్నాను, చేతులు జెర్సీకి తుడుచుకున్నాను. చుట్టం లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడని నాకేం తెలుసు?

చివరి నిమిషాల్లో మాకు కార్నర్ దొరికింది. యెల్లప్ప తన్నిన బంతి గాల్లో లేచింది. జోసెఫ్ చేతులు చాచి ఎగరబోయాడు. బంతి కింద పడేదాకా ఆగితే నేను నేనెందుకవుతాను? రెండు చేతులూ అతని వీపు మీద పెట్టి ఒక్క తోపు తోశాను. అతను ముందుకు, బంతి నా నెత్తి మీదికి, అక్కణ్నుంచి గోల్లోకి.

ఈల మోగింది. గోల్! గుంపులో టోపీలు ఎగిరాయి. మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. ఆ ఒక్క క్షణం నేను పర్మనెంట్.

రెఫరీ ఒక బడి డ్రిల్లు మాస్టరు. గుంపు అడ్డం రావడంతో తోపు చూడలేదు. జోసెఫ్ మొరపెట్టుకోగానే నా దగ్గరికి వచ్చి, "కాయ్ రే, ధక్కా మారలాస్ కా?" అని మరాఠీలో గద్దించాడు. తోశావా అని.

వీపు నిటారుగా పెట్టి అన్నాను, "నర్సప్ప మనవణ్ని. ముట్టుకోలేదు."

మాస్టరు జోసెఫ్‌ను అటు తిప్పాడు. ఆ తెల్లటి వీపు మీద రెండు అరచేతులు, పది వేళ్లు, ఎర్రగా, కొత్త కోడలు గడప పక్కన అచ్చు వేసినట్టు.

యెల్లప్ప తడబడలేదు. "మట్టి సార్, మట్టి! గోల్ ముంగట మొరం పోసిండ్రు గద, ఎర్రమట్టి. ఆయన కింద పడ్డడు, అంటింది. గంతే."

గోల్ ముందు నిజంగానే ఎర్రటి మొరం పోసి ఉంది. మాస్టరు నేల చూశాడు, వీపు చూశాడు, తలూపాడు. ఈల జేబులో పెట్టుకోబోయాడు. గోల్ మాదే. నేను చేయవలసింది ఒక్కటే, నోరు మూసుకోవడం.

"మట్టా?" అన్నాను.

"గప్ బైస్ చిన్న సేట్" అని పళ్ల మధ్య నుంచి అన్నాడు యెల్లప్ప.

"మట్టి అంటావా! మూడు తరాల ఎరుపును పట్టుకుని మొరం అంటావా? కళ్లున్నాయా నీకు? ఇది నర్సప్ప ఎరుపు!"

మాస్టరు మెల్లగా నా వైపు తిరిగాడు. "అచ్ఛా. తుమ్హారా రంగ్ హై?"

"మాదే!"

"అంటే నీ చేతులే?"

అప్పటికి నాకు తెలిసింది ఎక్కడ నిలబడ్డానో. కానీ వెనక్కి నడవడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. "చేతులు నావి కావు. ఎందుకంటే మా రంగు దిగదు" అన్నాను.

గీత పక్కన గొంగడి కదిలింది. ఆశన్న తాత లేచి, చినుకుల్లో మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా జెర్సీ అంచు పట్టుకుని, తన తెల్ల ధోవతి మీద పిండాడు. నలభై ఏళ్లు తాత చేస్తుంటే చూసిన పని. అందరూ ధోవతి వైపే చూశారు. నేను చూడలేదు, నా కాళ్ల వైపు చూసుకున్నాను. మోకాళ్ల మీదుగా ఎర్రటి కాలువలు మేజోళ్లలోకి పోతున్నాయి.

"దిగింది రా" అన్నాడు ఆశన్న తాత. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది.

నా గోల్‌ను రద్దు చేశారు. పుణె వాళ్లు ఆ తరువాత ఒకటి వేసి గెలిచారు. మేనేజర్ ఛత్రీ ముడిచి, "అబద్ధం ఆడవలసినప్పుడు నిజం, నిజం చెప్పవలసినప్పుడు అబద్ధం. వీడితో మాకు కష్టం" అని వెళ్లిపోయాడు. యెల్లప్ప ఏదో అన్నాడు కానీ అది ఇక్కడ రాయలేను.

ఇంటికి నాకన్నా ముందే కబురు చేరింది. నాయినమ్మ కాగు పక్కన కూర్చుని ఉంది.

"గోల్ కాసెటోన్ని నూకినవంట. అది పోనీ. రంగు దిగిందంటనా?"

"దిగింది నాయినమ్మా."

"పటిక పెట్టలేదా?"

"పెట్టిన. ఒక్క దినమే. ఆగలేకపోయిన."

ఆమె కాగు అంచును చేత్తో తడిమింది. "మీ తాత మాట ఉన్నది గదరా" అంది. నేను కాళ్లు కదపకుండా నిలబడ్డాను. నా జీవితంలో అదే మొదటిసారి.

అందుకని నా ముత్తాత, తాత, నాన్నల పేరు మీద, చేతులు కడుక్కుని గుండె మీద పెట్టుకుని శపథం చేశాను. బతికి ఉన్నన్నాళ్లూ ఏ గోల్‌కీపర్‌నూ వెనక నుంచి తోయను. తోయక తప్పని రోజు వస్తే, రెండు నిండు దినాలు పటిక నీళ్లలో నానాకే మైదానంలోకి దిగుతాను. తరువాతి ఏడు ఇంకో మిల్లు జట్టులో చేరాను. వాళ్లు ఇచ్చిన ఉల్లిపొట్టు జెర్సీనే మారు మాట్లాడకుండా తొడుక్కున్నాను.

మూడు కాగులూ ఆ వారంలోనే పెళ్లి వంటల లక్ష్మయ్యకు అమ్మేశాం.