సబీనా ఊలు కుచ్చులు

గని నుంచి సముద్రానికి దిగే యాసిడ్ బండి ఇంజను మార్చుకోవడానికి మా కొండ స్టేషనులో ఆగుతుంది. ఇరవై ట్యాంకు వ్యాగన్లు. కింద వాలు, వాలు చివర సబీనా చల్యాపా పుట్టిన ఊరు. ఇంజను విప్పాక గాలి బ్రేకు మెల్లగా పట్టు వదిలేస్తుంది. అందుకే పది వ్యాగన్లకు చేతి బ్రేకు చక్రాలు తిప్పి బిగించాలి. అది సబీనా పని. బిగించిన ప్రతి చక్రానికీ, ఇంట్లో లామాల చెవులకు కట్టే ఎర్ర ఊలు కుచ్చు ఒకటి కట్టేది, దూరం నుంచి కూడా తెలియాలని.

ఆ రోజు తీరం నుంచి తనిఖీ అధికారి ఎవారిస్తో వచ్చాడు. ఆయనకు నచ్చకపోతే ఈ మజిలీ ఎత్తేస్తారు, సబీనా ఉద్యోగమూ పోతుంది.

"ఏంటమ్మా, బండికి పెళ్లా?"

"పెళ్లయితే మీకు చెప్పకుండా చేస్తామా సార్? లెక్కపెట్టుకోండి, పది."

పది ఉన్నాయి. ఇంజను విప్పేముందు డ్రైవరు రోలాందో గాలి బ్రేకు వదిలేసి, ఇంజనుతోనే మెల్లగా లాగి చూశాడు. వ్యాగన్లు కదలకూడదు. జానెడు కదిలాయి.

సబీనా పరుగెత్తి ఒక్కో చక్రం పట్టి చూసింది. మూడు వదులుగా ఉన్నాయి, కుచ్చులు మాత్రం వాటికీ ఉన్నాయి. తనకు సాయంగా ఉండే కుర్రాణ్ణి కేకేసింది.

"ఫ్లోరియానూ! మొన్న ఇవే వ్యాగన్లకు బ్రేకు వదిలినవాడివి, కుచ్చు తియ్యలేదేం?"

"కట్టింది తియ్యకూడదక్కా. దానంతటదే రాలాలి. మా నాయన చూస్తే తంతాడు."

"ఇది లామారా? దీనికి గడ్డి కూడా వేస్తున్నావా?"

ఎవారిస్తో నవ్వలేదు, కాగితం తీశాడు. సబీనా ఎదురుగా నిలబడింది.

"తప్పు నాదే సార్. కుచ్చులు చూసి వీడు బిగించాడనుకున్నా. చెయ్యి పెట్టి చూడలేదు."

ఆ మూడూ బిగించి వచ్చింది. రోలాందో మళ్లీ లాగాడు. ఇంజను మూలిగింది గానీ వ్యాగన్లు కదల్లేదు.

"ఇక నుంచి బ్రేకు వదలగానే కుచ్చు తీసి డ్రైవరు చేతికిస్తాం. పదీ అందాకే బండి బయల్దేరుతుంది," అంది సబీనా. ఫ్లోరియాన్ మొహం చూసి, "పాతబడ్డవి మీ నాయన లామాలకే కడదాంలే," అని కలిపింది.

"మంచిది," అని ఎవారిస్తో సంతకం పెట్టాడు. "మజిలీ ఉంటుంది. కానీ లాగి చూడకుండా ఇంజను విప్పారో..."

"విప్పం సార్!"

ఇప్పుడు రోలాందో కిటికీలోంచి తన చేతికందిన కుచ్చులు బిగ్గరగా లెక్కపెడతాడు. ఒకసారి సరదాకి ఒకటి జేబులో దాచి, "తొమ్మిదే!" అని అరిచాడు. సబీనా ఇరవై వ్యాగన్లూ వెతికింది. సంగతి తెలిశాక అతన్నీ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించింది, ఒక్కో చక్రం మీద చెయ్యి పెట్టించి.