వదిన ఎంచిన టైర్లు

మా వదిన పోయింది. ఎర్రగుంట్లలో ఫ్యాక్టరీ గేటు దగ్గర నేను డ్యూటీలో ఉండగా అన్న ఫోన్ చేసి "పోయిందిరా" అన్నాడు. లైనులో ఉన్న లారీలవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు. వాళ్ళ మీద నాకు పట్టలేని కోపం వచ్చింది. తప్పు వాళ్ళది కాదని తెలుసు. కానీ ఆ నిమిషాన ఎవరి మీదో ఒకరి మీద కోపం రాకపోతే నేను నిలబడలేకపోయేవాణ్ణి.

వదిన పశువుల డాక్టరు. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలున్న ప్రతి ఇంటికీ ఆమె డాక్టరమ్మ. నాకు మాత్రం వదిన. అమ్మ పోయాక నన్ను నోరారా తిట్టే మనిషి ఇంట్లో ఆమె ఒక్కతే. ఆమెకు నాలుగు చక్రాలూ లాగే పాత చిన్న జీపు ఒకటి ఉండేది. మాది నల్లరేగడి నేల. ఎండాకాలమంతా రాయిలా ఉంటుంది, గట్టిగా ఒక వాన పడిందంటే కాలికున్న చెప్పును కూడా వదలదు. గొర్రెలకు జబ్బులు వచ్చేది సరిగ్గా అప్పుడే. తొలకరికి మొలిచిన లేతగడ్డిని ఆత్రంగా మేసి చిటుక రోగం తెచ్చుకుంటాయి, పొద్దున మేతకు పోయిన గొర్రె సాయంత్రానికి ఉండదు. అందుకని వాన పడి మేమంతా అరుగులెక్కి కూర్చుంటే వదిన బండి తీసేది.

ఆ బండి గురించి మా ఇద్దరికీ ఎప్పుడూ పోట్లాటే. నేను ఫోన్లో వీడియోలు చూసి, వెడల్పాటి, పెద్ద పళ్ళున్న టైర్లు వేయిద్దామని వెంటపడేవాణ్ణి.

"ఏమప్పా, పెండ్లికొడుకును ఊరేగిస్తాండావా?" అనేది. "మన మన్ను ఆ పండ్ల సందుల్లో ఇరుక్కుంటే టైరు రొట్టె మాదిరి నున్నగయితాది. సన్నటిదయితే బురదను కోసుకోని పోయి అడుగున గట్టినేలను పట్టుకుంటాది."

టైరు సన్నగా ఉండాలి, పక్కలు మందంగా ఉండాలి. ఆమె చూసేది ఈ రెండే. మా వైపు నాపరాళ్ళ గనుల చెత్తంతా దారుల పక్కనే పోసి ఉంటుంది. ఆ రాయి అంచు తగిలితే టైరు ముందు చీలేది పక్కనే.

బండి దిగబడితే లాగే తాడు విషయంలో మాత్రం నేనే గెలిచాను. ఆమె దగ్గర చివర కొక్కేలున్న పాత ఇనుప తాడు ఉండేది. లాగేటప్పుడు అది తెగితే ఎదురుగా ఉన్న మనిషి మిగలడని పోరి పోరి, సాగే నైలాన్ బెల్టు తెప్పించాను. మొదటిసారి ఆ బెల్టుతో ట్రాక్టరు లాగితే జీపు బురదలోంచి మెత్తగా ఊడి వచ్చింది. "బాగుండాదప్పా నీ బెల్టు" అంది. ఆమె నోట ఆ మాట వచ్చిందని ఊళ్ళో ఎంతమందికి చెప్పుకున్నానో. అయినా దాని మీద కంబళి పరచనిదే లాగనిచ్చేది కాదు. ఒక గొర్రెల కాపరి ఇచ్చిన పాత బరువైన కంబళి అది. బెల్టు తెగినా ఆ బరువుకు ఎగిరి రాకుండా కిందికి పడిపోతుందని ఆమె నమ్మకం. "తాడుకు ఎదురుగా ఎవురూ నిలబడాకండి" అని చేతులూపి జనాన్ని దూరంగా తోలేది.

ఇవి కాక బండిలో ఒక పార, గాలి కొట్టే పంపు, చక్రాల కిందికి గోనె సంచులు, జాకీ నేలలోకి దిగకుండా దాని కింద పెట్టే నాపరాయి పలక ఉండేవి. పెన్న ఇసుకలో దిగాల్సి వస్తే పుల్లతో వాల్వు నొక్కి టైర్లలో సగం గాలి తీసేసేది. అవతల గట్టెక్కాక పంపు కొట్టే పని నాది, తుమ్మచెట్టు నీడన కూర్చుని నన్ను ఎగతాళి చేసే పని ఆమెది. ఇప్పుడు ఆ ఎగతాళి ఒక్కసారి వినడానికి ఎన్ని టైర్లకైనా గాలి కొడతాను.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమెకు కాలేయంలో గడ్డ ఉందని తేలింది. కర్నూలు ఆసుపత్రిలో కొంతకాలం మందులెక్కించారు, జుట్టంతా రాలిపోయింది. ఇక లాభం లేదని ఒకరోజు డాక్టరు అన్ననూ నన్నూ లోపలికి పిలిచి చెప్పాడు. బయటికి వచ్చేసరికి వదిన బెంచీ మీద కూర్చుని ఉంది. మా మొహాలు చూసి, లేచి జీపు వైపు నడిచింది. తిరుగు దారిలో నంద్యాలలో టైర్ల షాపు దగ్గర జీపు ఆపమంది.

షాపు భాయ్ పాత టైర్లను బొటనవేలితో తడిమి చూశాడు. "అరిగిపోయినాయి డాక్టరమ్మా. బండి అమ్మేస్తారంటే తక్కువ రకం ఏస్తా, ఏడాది వస్తాయి. మీరే తోలుకుంటారంటే మంచివి ఉండాయి, ఐదేండ్లు సూసుకోపన్లేదు" అన్నాడు, పాపం అతనికేం తెలుసు.

అన్న తల తిప్పుకున్నాడు. నేను రోడ్డవతలికి నడిచాను. వెనక నుంచి వదిన గొంతు వినిపించింది.

"ఐదేండ్లవే ఏయి భాయ్."

ఇంటికి చేరాక ఆపుకోలేక అడిగేశాను, ఎందుకు వదినా ఇదంతా అని.

"ఒక్క వాన సూస్తానప్పా" అంది. "ఈ టైర్లతో ఒక్కసారి వంక దాటి మందల కాడికి పోయొస్తా. అంతకంటే నాకేం వద్దు."

అప్పటి నుంచి మా ఇంట్లో అందరి మనసులోనూ ఒకటే. వాన ముందు రావాలి. రోజూ సాయంత్రం వదిన రేకుల కొట్టంలో జీపు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేది. కొత్త టైర్ల మీద సన్నని రబ్బరు వెంట్రుకలు ఉంటాయి కదా, వాటిని వేలితో మీటుతూ "నా తలకాయ మీద ఒక్కటి ల్యాకపాయ, దీనికి సూడు ఎన్ని ఉండాయో" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. తర్వాత అన్న దొడ్లోకి పోయి చాలాసేపు వచ్చేవాడు కాదు. పడమట మబ్బు పట్టేది, గాలి లేచేది, దుమ్ము కొట్టి పోయేది. నేను దేవుణ్ణి జీవితంలో ఏదీ గట్టిగా అడగలేదు. ఈ ఒక్కటి అడిగాను. ఇవ్వలేదు.

వాన ఆమె పోయిన మర్నాడు తెల్లవారుజామున పడింది. అలాంటి ఇలాంటి వాన కాదు, పొలాలన్నీ నిండిపోయాయి. చర్చిలో ప్రార్థన అయ్యాక ఆమె పెట్టెను వ్యానులో ఎక్కించారు. సమాధుల తోట కూడా ఆ వంకకు, అంటే ఆ చిన్న వాగుకు, అవతలే. ఊరు దాటి రేగడి దారిలోకి దిగగానే వ్యాను ఇరుసు దాకా కూరుకుపోయింది. ఎంతమంది తోసినా కదల్లేదు. నేను ఇంటికి పరుగెత్తి జీపు తెచ్చాను. బెల్టు కట్టాను, కంబళి పరిచాను. "తాడుకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు" అని ఆమెలాగే చేతులూపి జనాన్ని దూరంగా తోలాను. వ్యానునైతే వెనక్కి లాగాను గానీ అది ఇక ముందుకు పోయేది కాదు. మోసుకుపోదామంటే ఆ బురదలో కాళ్ళు నిలవవు.

"ఆమె బండ్లోనే పోనీరా" అన్నాడు అన్న.

పెట్టెను జీపులోకి మార్చారు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు, అన్నా జనమూ వెనక నడిచారు. కానీ వదిన నాకు నేర్పింది వేరే. బురదలో ఆగకూడదు, గట్టినేల వచ్చేదాకా ఏం జరిగినా అదే వేగాన పోవాలి. పాటకు తగ్గట్టు నెమ్మదిగా పోతే కూరుకుపోతాను. ఆపాలని ఉంది, అసలు చేరకూడదని ఉంది. ఆపలేదు. టైర్లు ఆమె చెప్పినట్టే బురదను కోసుకుంటూ అడుగునేలను పట్టుకున్నాయి. వంక కూడా దాటాను. సమాధుల తోటలో రాతినేల మీద ఆపి వెనక్కి చూస్తే ఎవరూ లేరు. పాట ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. అక్కడ నేనూ వదినా, అంతే.

"వదినా, దాటినాం" అన్నాను. వాళ్ళంతా బురద తొక్కుకుంటూ వచ్చేదాకా పెట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను.

ఆ వాన పదునుకే అన్న పత్తి విత్తాడు, విత్తక తప్పదు కాబట్టి. మళ్ళీ చినుకు లేదు. ఆ రోజు జీపు చక్రాలు కోసిన గాడులు రెండూ ఎండి, టైరు గీతలతో సహా గట్టిపడిపోయాయి. ట్రాక్టర్లవాళ్ళు కూడా వాటిని తొక్కకుండా పక్కనుంచి పోతున్నారు. అన్న రోజూ పొద్దున్నే ఆ గాడి వెంటే నడిచి ఆమె దగ్గరికి పోయి వస్తాడు. పత్తి మొలకలు వాడిపోతున్నాయి. నిన్న సాయంత్రం పడమట నల్లగా మబ్బు పట్టింది. "ఈ పొద్దు పడేట్టుండాదప్పా" అన్నాడు పక్కింటాయన సంతోషంగా. అన్న మబ్బు వైపు చూడలేదు, దారిలో ఆ గాడుల వైపు చూశాడు.

"ఇంకో నాలుగు దినాలు పోనీలేప్పా" అన్నాడు.