నూకమ్మ వాకిట్లో పది రేకుల ఎండ

"స్టీలు రేకులతో నీడ వాకిళ్ళకి వెలుగు తెచ్చే కళ, ఆదివారం దాకానే" అని స్నేహితురాలు మెసేజ్ పెడితే నవ్వొచ్చింది. కళ పేరుతో ఎన్ని వేషాలో! సరే, తిట్టేదేదో చూసే తిడదామని శుక్రవారం ఎనిమిదింటికి సబ్బవరంలో బస్సెక్కాను. గంటన్నరలో విశాఖ ద్వారకా నగర్ బస్టాండు కాంప్లెక్స్‌లో దిగి, ఫిషింగ్ హార్బర్‌కి నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను.

"సేపలకేటండి?" అన్నాడు డ్రైవరు.

"కాదు బాబూ, ఎండ చూడ్డానికి."

"ఎండకి ఆటో ఎందుకండీ! నా నెత్తి మీద బోల్డుంది" అని పకపకా నవ్వాడు.

హార్బర్ వెనక సందులో నాలుగిళ్ళకి కలిపి ఒకటే వాకిలి. పక్కన అయిదంతస్తుల మేడ లేచాక రెండేళ్ళుగా అక్కడ ఎండ లేదు. ఆ వాకిట్లో నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముకునే నూకమ్మ, అప్పటినుంచీ రోడ్డు పక్కన లారీల దుమ్ములో ఆరబోస్తోంది. ఈ కళ తలపెట్టిన శిరీష ఎదురింటి డాబా మీద అద్దాల్లా మెరిసే రేకులు పది నిలబెట్టింది. పదిన్నరకి గోడల నిండా వెలుగు మచ్చలు. అందంగానే ఉన్నాయి, ఒప్పుకుంటాను.

నూకమ్మ నడుం మీద చేతులేసుకుంది. "ఏటిది?"

"వెలుగు తెస్తానంటే సరేనన్నారు కదా పిన్నీ" అంది శిరీష.

"ఎలుగంటే బల్బెట్టుకోనా? నాను ఎండనుకున్నాను! గోడలకెందుకే ఎండ, అవేటి సేపలా? పదీ ఒక్క సోటకే తిప్పు."

శిరీష మొహం చిన్నబోయింది. వారం రోజులు తంటాలు పడి కుదుర్చుకున్న వెలుగు బొమ్మ మరి! గోడలకేసి ఒకసారి చూసి డాబా ఎక్కింది. కింద నూకమ్మ పాత వల పరిచి "ఇటు... ఇంకా ఇటు... ఆగు!" అని కేకలేస్తుంటే, ఒక్కో రేకునీ వంచి వల అల్లే దారంతో బిగించింది. నేనూ పైకెక్కి రెండు బిగించాను, వేళ్ళు కోసుకుపోయాయి. పదోది తిరిగేసరికి వల మీద ఎండ భగ్గుమంది. నూకమ్మ నిన్న సగం ఆరిన నెత్తళ్ళు బుట్టెడు తెచ్చి కుమ్మరించింది. పొద్దు తిరిగే కొద్దీ మేమూ రేకులు తిప్పుతూనే ఉన్నాం. రెండింటికి ఒక చేప తీసి విరిస్తే ఫట్‌మంది.

"ఎండిపోనాదే!" అని నూకమ్మ అరిచింది. నాలుగిళ్ళవాళ్ళూ ఈలలేశారు. శిరీష ఏడుస్తూ నవ్వింది. నేనైతే సిగ్గు లేకుండా గెంతాను.

తిట్టడానికి వెళ్ళి చప్పట్లు కొట్టి వచ్చాను. తన బొమ్మని తనే చెరిపేసుకున్న ఆ పిల్ల మీద నాకు గౌరవం పుట్టింది. రెండేళ్ళ తర్వాత నూకమ్మ మళ్ళీ సొంత గుమ్మం ముందు కూర్చుని చేపలు ఏరుకుంది. ఆదివారం రేకులు విప్పేయాలని శిరీష అంటే, "ఎవులిప్పుతారో సూత్తాను" అంది. వెళ్ళేవాళ్ళు పదకొండుకీ రెండుకీ మధ్య వెళ్ళండి. నీడ వాకిలే కదా అని ఉత్త చేతులతో వెళ్ళకండి, గొడుగు పట్టుకెళ్ళండి. అక్కడ ఎండ మాడ్చేస్తోంది.