మా నాయన మీద గ్రాఫీన్ ప్రయోగం

ఆ రోజుల్లో నాకు లోకమంతా వెలుగుగానే కనిపించేది. ఎమ్మెస్సీ అయిపోయి పీహెచ్‌డీ సీటొచ్చింది. తోటపల్లి గూడూరు దగ్గర మా రొయ్యల గుంటల గట్టున కూర్చుని, నీళ్ల మీద తళతళలాడే ఎండను చూస్తూ అన్నం సంగతే మరిచిపోయేదాన్ని (అమ్మ మరవనిచ్చేది కాదు, అది వేరే సంగతి). సీటైతే వచ్చింది గానీ, చేరాలంటే నాయన సరేననాలి. ఆయన కాదనడు, ఔననడు. "చూద్దాంలే అమ్మణ్ణీ" అని మేత బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయేవాడు. చేరే గడువేమో ముంచుకొస్తోంది.

అర్థమైతే పంపిస్తాడనే ఆశతో రోజూ గట్టు మీద ఆయన వెనకాలే తిరుగుతూ పాఠం చెప్పేదాన్ని. పెన్సిల్లో ఉండే నల్లటి గ్రాఫైటును ఒక్క పరమాణువు మందాన పొరగా తీస్తే గ్రాఫీన్. దాని మీద పలచటి వెలుగు పడితే కొంత మింగేస్తుంది. బలమైన వెలుగు ఒక్కసారిగా వచ్చి పడితే మింగడానికి చోటు చాలక వదిలేస్తుంది. లేజర్లో పెడితే ఈ గుణం వల్లే వెలుగు తునకలు తునకలుగా, మహా జోరుగా వస్తుంది. అలాంటి లేజర్లు కంటి ఆపరేషన్లకూ పనికొస్తాయి. అంతా విని ఆయన, మింగేది ఎందుకు మింగుతుందో ఇంకోసారి చెప్పమనేవాడు. చెప్పేదాన్ని. మళ్లీ అదే "చూద్దాంలే".

ఒకరోజు నాకు తట్టింది, నాయనే గ్రాఫీన్ అని! నేనొక్కదాన్నే అడిగితే మింగేస్తున్నాడు, అంతే. శనివారం మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నాం. ఆమెన్ అనడం ఆలస్యం, ముందే అనుకున్నట్టు అత్తలు, పిన్నమ్మ, పాస్టరమ్మగారు అందరూ ఒక్కసారిగా ఆయన మీద పడ్డారు (పిన్నమ్మ ఏడ్చింది కూడా, ఏడవమని నేను చెప్పలేదు). ఆయన టీ గ్లాసు పట్టుకుని అందరినీ ఒకసారి చూసి, "సరే, పోనీండి" అన్నాడు. సంతోషం పట్టలేకపోయినాను. ఆ తర్వాత ల్యాబులో ఎవరు కొత్తగా చేరినా ఈ కథ చెప్పకుండా వదల్లేదు.

మొన్న సెలవులకు పోయినప్పుడు గట్టు మీద కూర్చుని ఆ రహస్యం నాయనకే గొప్పగా చెప్పేసినాను. ఆయన నీళ్ల వైపు చూస్తూ నవ్వినాడు.

"మొదటిరోజే పంపిద్దామనుకున్నాను అమ్మణ్ణీ. గడువు నాకూ తెలుసులే. సరేనంటే పెట్టె సర్దుకుని పోతావు, మళ్లీ నాకెవరు చెప్తారు? ఇంకా నాలుగు రోజులు విందామని."

ఆ గట్టు మీద చేతులు తిప్పుకుంటూ తిరిగిన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వెలుగు గురించి అన్నీ చెప్పింది గానీ, వింటున్న మనిషి మొహం వైపు ఒక్కసారైనా చూడలేదు, పిచ్చిది.